చిన్న నేరము – పెద్ద కర్ర

“మొక్కై వంగనిది మానై వంగునా” అను సామెతను మన పల్లెలలో నెరుగనివారు లేరు. “చిన్న పామునైనను పెద్ద కర్రతో కొట్టవలెను” అను సామెతయు నట్లే సుప్రసిద్ధము. ఈ రెండు మాటలును ఒకే నీతిని బోధించుచున్నట్లు పైకి దోచును. నిదానించి చూచినచో వీనిలో గొప్ప భేదము కలదు. మొదటిది, దోషము చిన్నదిగా నున్నపుడే దిద్దుమని చెప్పుచున్నది. రెండవది, చిన్నదని జాలి తలపక పెద్ద దెబ్బ కొట్టుమని చెప్పుచున్నది. దిద్దుట వేరు, కొట్టుట వేరు. నేరములను మాన్పు విషయమున ఈ రెంటిలో దేని నవలంబింపవలెనను ప్రశ్న రాజులను, న్యాయాధిపతులను, గ్రామపెద్దలను చిరకాలమునుండి బాధించుచునే యున్నది. అమెరికాలోని న్యూయార్కు మహానగరము గడచిన శతాబ్దపు చివర ఈ ప్రశ్నకు ఒక సమాధానము చెప్పబూనినది. ఆ సమాధానము లోకమంతట ప్రసిద్ధి కెక్కినది. అందు నిజమెంత, భ్రమ యెంత, దానికై చెల్లించిన వెల యెంత యను సంగతులను ఈ ప్రసంగమున విన్నవించెదను.

ఆ విధానమునకు “జీరో టాలరెన్సు” అని పేరు. అనగా నేరమును అణుమాత్రమైనను సహింపకుండుట. ఈ పేరు అమెరికాలో మొదట మాదకద్రవ్యముల నరికట్టు ప్రయత్నములలో ప్రచారమునకు వచ్చినది. 1988లో అచ్చటి ప్రభుత్వము, ఏ నౌకలో నెంత స్వల్పముగా గంజాయి దొరికినను ఆ నౌకనే స్వాధీనము చేసికొనుమని యధికారుల కాజ్ఞాపించెను. ఆ యేడు సముద్రశాస్త్ర పరిశోధన చేయు “అట్లాంటిస్ 2” అను పెద్ద యోడను, అందు కొద్దిపాటి గంజాయి కనబడినదని అధికారులు పట్టుకొనిరి. పిమ్మట దానిని విడిచిపెట్టక తప్పినది కాదు. చిటికెడు ఆకునకు ఓడ యంత శిక్ష! పిచ్చుకపై బ్రహ్మాస్త్రమనగా నిదియే కదా యని జనులు నవ్వుకొనిరి.

అయితే ఈ బుద్ధి క్రొత్తది కాదు. పదునెనిమిదవ శతాబ్దమున ఇంగ్లండు దేశమున చిన్న నేరములకు సయితము ఉరిశిక్ష విధించు శాసనములు ఒకదానివెంట నొకటి పుట్టినవి. పంతొమ్మిదవ శతాబ్దారంభమునకు మరణదండనకు పాత్రములైన నేరములు 200కు మించినవి. అంగడిలో అయిదు షిల్లింగుల వస్తువును దొంగిలించినను ఉరియే. ఇంటిలో జొరబడి నలువది షిల్లింగుల సొత్తు నపహరించినను ఉరియే. ఇంత కఠినముగా నున్నను దొంగతనములు తగ్గినవా? తగ్గలేదు. ఏలన, శిక్ష యెంత భయంకరమైనదో దానిని విధించుటకు మనుష్యుల కంత సంకోచము కలిగినది. నలువది షిల్లింగులకు పైబడిన సొత్తును దొంగ యెత్తుకొనిపోయెనని తెలిసియు, జూరీలు దాని వెల ముప్పదితొమ్మిది షిల్లింగులేయని తీర్పు చెప్పి యతని ప్రాణము గాపాడుచుండిరి. సొత్తు పోయినవారును సాక్ష్యము చెప్ప వెనుదీయుచుండిరి. తుదకు 1811లో బట్టలకు చలువచేయు కార్ఖానాల యజమానులే, తమ బయళ్ళలో జరుగు దొంగతనమునకు మరణదండనమును తీసివేయుడని పార్లమెంటును ప్రార్థించిరి. శిక్ష తగ్గినగాని నేరము రుజువు కాదని వారు అనుభవముచే నెరిగిరి. సర్ శామ్యూల్ రోమిల్లీ యను న్యాయవాది జీవితాంతము ఈ శాసనములను సడలించుటకు పాటుపడెను.

ఆ గుణపాఠమునుండియే క్రొత్త పోలీసు వ్యవస్థ పుట్టినది. 1829లో హోంమంత్రియగు సర్ రాబర్టు పీల్ లండను నగరమునకు నూతన రక్షకభటదళము నేర్పరచెను. వారు సైనికులని ప్రజలు భయపడకుండుటకై వారికి ఎఱ్ఱకోటు మాని నీలికోటు నిచ్చిరి. వారి ముఖ్యమైన పని వీథులలో కాలినడకను తిరుగుట. నేరము జరిగినపిదప ఘోరముగా శిక్షించుటకంటె, జరుగకుండ ముందే కనిపెట్టియుండుట మేలను సిద్ధాంతము ఇందు ఇమిడియున్నది. అమెరికాలోని నగరములు ఈ పద్ధతి ననుకరించినవి. న్యూయార్కు నగరమున 1845లో ఇట్టి దళ మేర్పడినది. వీథిలో తిరుగు జవానునకు ఆ వీథిలోని మంచివాడెవ్వడో, త్రాగుబోతెవ్వడో, తండ్రిలేని పిల్లవాడెవ్వడో తెలిసియుండును. మన గ్రామములలో పూర్వము తలారికి ఊరంతయు తెలిసియుండెడిది. ఇదియు నట్టిదే.

ఇరువదవ శతాబ్దమున మోటారుబండ్లు, టెలిఫోను, రేడియో వచ్చినవి. జవాను నడక మాని బండి యెక్కెను. కబురు వచ్చినవెంటనే పరుగెత్తి పోవుటకు వీలు కలిగినది గాని, వీథిలోనివారి ముఖపరిచయము పోయినది. ఈ లోపమును గుర్తించి న్యూజెర్సీ రాష్ట్రము 1970–80 దశకమున కొన్ని పట్టణములలో మరల కాలినడక గస్తీని ప్రవేశపెట్టెను. నూఆర్కు పట్టణమున దాని ఫలితమును పండితులు పరీక్షించిరి. వచ్చిన సమాధానము వింతగా నున్నది. గస్తీవలన నేరముల సంఖ్య తగ్గలేదు. కాని జనుల భయము తగ్గినది. తమ వీథి బాగుపడినదని వారు నమ్మిరి. పోలీసువారియందు వారికి గౌరవము పెరిగినది. జవానులకును ప్రజలయెడ సద్భావము కలిగినది.

ఈ పరీక్షలో పాల్గొన్న జార్జి కెల్లింగు అను పండితుడును, జేమ్సు విల్సను అను రాజనీతి శాస్త్రజ్ఞుడును కలిసి 1982 మార్చి మాసమున “అట్లాంటిక్ మంత్లీ” పత్రికలో ఒక వ్యాసము ప్రకటించిరి. దాని పేరు “పగిలిన కిటికీలు”. వారి వాదము సులభమైనది. ఒక యింటి కిటికీ యద్దము పగిలి, దానిని బాగుచేయువారు లేకపోయినచో, ఆ యింటిని పట్టించుకొనువారు లేరని చూచువారికి తెలియును. కొలది దినములలో మిగిలిన అద్దములును పగులును. అట్లే వీథిలో త్రాగి పడియుండుట, అల్లరి మూకలు చేరుట, గోడలపై పిచ్చివ్రాతలు వ్రాయుట మొదలగు చిన్న చెడుగులను ఉపేక్షించినచో, పెద్దమనుష్యులు భయపడి యిల్లు కదలరు. అప్పుడు పెద్ద నేరగాండ్రకు వీథి వశమగును. 1969లో ఫిలిప్ జింబార్డో అను మనశ్శాస్త్రజ్ఞుడు చేసిన పరీక్షను వారు దృష్టాంతముగా జూపిరి. అతడు నంబరుబిళ్ల లేని మోటారుకారు నొకదానిని న్యూయార్కులోని బ్రాంక్సు పేటలో వదలగా పది నిమిషములలో దాని సామాను ఊడబెరుకుట మొదలుపెట్టిరి. కాలిఫోర్నియాలోని సంపన్నమగు పట్టణమున వదలిన కారును వారము దాటినను ఎవ్వరును ముట్టలేదు. జింబార్డో స్వయముగా సుత్తితో దాని నొకచోట పగులగొట్టినంతనే దారిన పోవువారును చేయి కలిపిరి.

ఈ వ్యాసమున రెండు భాగములు కలవని జ్ఞాపకముంచుకొనుడు. చిన్న చెడుగును చూచీచూడనట్లు పోవలదని మొదటి భాగము. వీథిలోని జనులతో కలిసిమెలిసి, వారి యంగీకారముతో, విచక్షణతో దానిని సరిదిద్దుమని రెండవ భాగము. అట్లు విచక్షణ నిచ్చినచో జవాను పక్షపాతియై ఒక జాతివారినే బాధింపడని నమ్మకమేమి యని వ్యాసకర్తలే ప్రశ్నించుకొని, తమకు పూర్తి సమాధానము దొరకలేదని యొప్పుకొనిరి. తరువాతి చరిత్రలో మొదటి భాగము నిలిచినది. రెండవ భాగము చాలవరకు జారిపోయినది.

అప్పటి న్యూయార్కు స్థితిని జూచినచో ప్రజల తొందరపాటును మనము నిందింపలేము. “క్రాక్” అను కొకైన్ మందు వ్యాపారము పేదపేటలలో వ్యాపించి, దానికై ముఠాలు తుపాకులతో పోరాడుచుండెను. 1990లో ఒక్క నగరములోనే 2,200కు పైగా హత్యలు జరిగినవి. భూగర్భ రైళ్ళలో సాయంకాలము ప్రయాణము చేయుటకు స్త్రీలు, వృద్ధులు జంకుచుండిరి. పిల్లలు తుపాకిగుండు తగిలి చనిపోవుచున్న వీథిలో నివసించు తల్లికి హక్కుల చర్చకంటె రక్షణ ముఖ్యముగా దోచుట సహజము.

1990లో భూగర్భ రైళ్ళ పోలీసుదళమునకు విలియమ్ బ్రాటన్ అధిపతి యయ్యెను. అతడు టికెట్టు కొనక గేటు దుమికి పోవువారిని పట్టుకొనవలసినదని గట్టిగా నాజ్ఞాపించెను. పట్టుబడినవారిలో ఇంచుమించు ఏడుగురి కొకడు వేరొక నేరమునకై వారంటు కలవాడుగా తేలెనని అతడు చెప్పెను. చిన్న తప్పు చేయువానిని పట్టినచో పెద్ద నేరగాడు దొరకునను నమ్మకము దీనివలన బలపడినది. 1994 జనవరిలో రుడాల్ఫ్ జూలియానీ న్యూయార్కు మేయరు పదవిని స్వీకరించి, బ్రాటన్‌ను నగర పోలీసు కమీషనరుగా నియమించెను. అప్పటినుండి బహిరంగముగా త్రాగుట, వీథిలో మూత్రవిసర్జన, టికెట్టులేని ప్రయాణము, కార్లు నిలచినచోట అద్దములు తుడిచి డబ్బులడుగుట వంటి పనులకు నిర్బంధములు విరివిగా జరిగినవి. దీనితో పాటు జాక్ మేపుల్ అను నధికారి యాలోచనచే “కాంప్‌స్టాట్” అను మరియొక పద్ధతి యారంభమైనది. ఏ పేటలో ఏ నేరము జరిగినదో పటములలో గుర్తించి, ఆ పేటకు బాధ్యుడగు నధికారిని పైయధికారులు సభలో ప్రశ్నించుట ఇందలి ప్రధానాంశము.

ఫలితము కన్నులు మిరుమిట్లు గొలుపునట్లుండెను. 1990లో 2,200కు మించిన హత్యలు 1998 నాటికి సుమారు 630కి దిగినవి. దొంగతనములు, దోపిడులు నట్లే తగ్గినవి. భూగర్భ రైళ్ళలో జనము నిర్భయముగా తిరుగజొచ్చిరి. పత్రికలు ప్రశంసించినవి, అన్యదేశముల మంత్రులు, పోలీసు అధిపతులు న్యూయార్కునకు తీర్థయాత్రవలె పోయి చూచివచ్చిరి. “జీరో టాలరెన్సు” అను మాట ఎన్నికల సభలలో మంత్రము వలె మ్రోగినది.

చరిత్రకారుడు చప్పట్లు కొట్టుటకు ముందు లెక్క చూడవలెను. మొదటి సంగతి: హత్యల తగ్గుదల 1994లో మొదలు కాలేదు. జూలియానీకి పూర్వము డేవిడ్ డింకిన్సు మేయరుగా నున్నప్పుడే, 1993 నాటికి హత్యలు 2,000కు లోబడినవి. రెండవది: 1991లో డింకిన్సు కాలమున చేయబడిన శాసనమువలన కొన్ని వేలమంది క్రొత్త పోలీసులు దళమున చేరిరి. మనుష్యులు పెరిగిన ఫలమును విధానము పెరిగిన ఫలముగా నెంచుట న్యాయము కాదు. మూడవది: అదే దశకమున అమెరికాలోని పెక్కు నగరములలో నేరములు తగ్గినవి. కాలిఫోర్నియాలోని శాన్ డియేగో నగరము తక్కువమంది పోలీసులతో, పేటలవారిని కలుపుకొని సమస్యలను పరిష్కరించు పద్ధతి నవలంబించెను. అచ్చటను నేరములు ఇంచుమించు న్యూయార్కులో వలెనే తగ్గినవి. బోస్టను నగరమున మతాచార్యులు, పోలీసులు, యువజన సేవకులు కలిసి, తుపాకి పట్టిన కొలదిమంది యువకులను పిలిపించి మందలించి, మానినచో సహాయము, మానకున్నచో శిక్ష యని స్పష్టముగా జెప్పిరి. ఆ పిమ్మట యువకుల హత్యలు చాలవరకు తగ్గినవి. క్రాక్ వ్యాపారపు ఉద్ధృతి తగ్గుట, దేశమున ఉద్యోగములు పెరుగుట అను కారణములును వీనికి తోడైనవి.

బెర్నార్డ్ హార్కోర్టు, జెన్స్ లుడ్విగ్ అను పండితులు 2006లో న్యూయార్కు లెక్కలను తిరిగి పరీక్షించి యొక సూక్ష్మము జూపిరి. క్రాక్ కాలమున ఏ పేటలలో నేరములు మిక్కిలిగా పెరిగెనో ఆ పేటలలోనే తరువాత మిక్కిలిగా తగ్గెను. ఆ పేటలలోనే చిన్న నేరములకు నిర్బంధములును ఎక్కువగా జరిగెను. ఏటికి వరద వచ్చినపుడు ఎచ్చట నీరు మిక్కిలి ఎత్తుగా లేచునో, వరద తీసినపుడు అచ్చటనే ఎక్కువగా దిగును. ఆ గట్టుమీద నిలిచి మంత్రము చదివినవాడు తన మంత్రమువలననే నీరు దిగెనని చెప్పవచ్చును. అది రుజువు కాదని వారి వాదము. దీనికి విరుద్ధముగా, నిర్బంధములు వేలకొలది దౌర్జన్యములను ఆపినవని వాదించిన పండితులును కలరు. వారిలో కెల్లింగును ఒకడు.

ఈ వివాదమున వెలుగు నిచ్చిన సంఘటన యొకటి 2014 చివర జరిగినది. ఆ డిసెంబరులో న్యూయార్కున ఇద్దరు పోలీసులు దారుణముగా హతులైరి. నగర మేయరుతో పోలీసువారికి వైమనస్యము ముదిరినది. కొన్ని వారములపాటు వారు చిన్న నేరములకు పట్టుకొనుట చాలవరకు మానిరి. చిన్న నేరములను వదలినచో పెద్దవి పెరుగునను సిద్ధాంతము నిజమైనచో, ఆ వారములలో నగరము అట్టుడికి పోవలసియుండెను. అట్లు జరుగలేదు. ఆ కాలమున పెద్ద నేరముల ఫిర్యాదులు నూటికి మూడు మొదలు ఆరు వంతులవరకు తగ్గినట్లు 2017లో ఇద్దరు పరిశోధకులు ప్రకటించిరి. ఒక్క నగరమున కొన్ని వారములలో జరిగినదానితో అంతయు తేలిపోదు. అయినను ఇది ఆలోచింపదగిన సాక్ష్యము.

ఇంతకంటె విస్తృతమైన విచారణ 2015లో వెలువడినది. ఆంథనీ బ్రాగా మొదలగువారు ఇట్టి ప్రయత్నములను గూర్చిన 30 పరీక్షలను కలిపి తూచిరి. చిన్న చెడుగులను పట్టించుకొనుటవలన నేరములు కొంతవరకు తగ్గుట నిజమేయని వారు తేల్చిరి. కాని ఆ మేలు ఎందువలన వచ్చినది? పేటలోని జనులతో కలిసి పాడుపడిన స్థలములను బాగుచేయుట, ఏ మూల ఏ సమస్య యున్నదో కనుగొని దానిని మార్చుట వలన వచ్చినది. దొరికినవానినెల్ల నిర్బంధించు పద్ధతివలన గణనీయమగు ఫలము కనబడలేదు. మొక్కను వంచుటవలన మేలు కలిగినది. పెద్ద కర్రవలన కలుగలేదు.

ఇక పెద్ద కర్రకు చెల్లించిన వెల యెట్టిదో చూతము. అనుమానము తోచిన బాటసారిని ఆపి, ప్రశ్నించి, ఒడలు తడవి చూచు నధికారము అమెరికా పోలీసులకు 1968లో అచ్చటి అత్యున్నత న్యాయస్థానము కొన్ని షరతులతో నంగీకరించినది. న్యూయార్కున ఈ సోదాలు ఏటేట పెరిగి 2011లో 6,85,724కు చేరినవి. ఆపబడినవారిలో పదింట ఎనిమిదికి పైగా నీగ్రో సంతతివారును, లాటిన్ అమెరికా సంతతివారును. పదిమందిలో ఇంచుమించు తొమ్మండుగురిపై ఏ నేరమును మోపుటకు వీలు లేకపోయెను. 2004 మొదలు 2012 వరకు జరిగిన 44 లక్షల సోదాల లెక్కను విచారించి, 2013 ఆగస్టులో షీరా షైండ్లిన్ అను న్యాయమూర్తి ఈ ఆచరణ రాజ్యాంగవిరుద్ధమని తీర్పు చెప్పెను. ఒడలు తడవి చూచిన నూరు పర్యాయములలో ఆయుధము దొరకినది ఒకటిన్నర పర్యాయము మాత్రమేయని ఆ తీర్పున వ్రాయబడినది. ఆ మరుసటి యేడు జూలైలో, పన్ను కట్టని సిగరెట్లను విడిగా అమ్ముచున్నాడని ఒక మనుష్యుని పట్టుకొనబోవుచు జవాను మెడ బిగించుటచే అతడు ఊపిరాడక మరణించెను. సిగరెట్టు నేరమునకు ప్రాణమే వెల యయ్యెను. కోపము దేశమంతట రగిలినది.

సోదాలు తగ్గినపిమ్మట ఏమి జరిగెను? అవి మానినచో నగరము మరల 1990 నాటి స్థితికి పోవునని పలువురు భయపెట్టియుండిరి. సోదాలు 2016 నాటికి 13,000కు లోబడినవి. హత్యలు 2011లో 500కు పైగా నుండగా, 2017లో 292కు దిగినవి. సోదాలు పెరిగినపుడు తగ్గుచున్నవి, సోదాలు పడిపోయినపుడును తగ్గుచునే వచ్చినవి. 2020లో కరోనా మహమ్మారి యేట అమెరికాలోని పెక్కు నగరములలో వలె న్యూయార్కునను హత్యలు పెరిగి 460కి మించినమాట వాస్తవము. కొంతకాలమునకు మరల తగ్గినవి. ఆ పెరుగుదలనాడును 1990 నాటి లెక్కలో నాలుగవ వంతు మించలేదు.

అన్ని ఇండ్లను అనుమానించి కొందరు నేరస్థులను పట్టు పద్ధతి మన దేశమునకు క్రొత్తది కాదు. ఆంగ్ల ప్రభుత్వము 1871లో నేరజాతుల చట్టమును చేసెను. 1911 నాటి చట్టముచే అది మద్రాసు రాజధానికి వ్యాపించినది. ఎరుకలవంటి కొన్ని కులములను పుట్టుకచేతనే నేరస్థులుగా నెంచి, వారి పేర్లు పట్టీలలో వ్రాసి, వ్రేలిముద్రలు తీసికొని, నియమితవేళలకు హాజరు చెప్పించిరి. అనుమతిచీటి లేనిదే ఊరు కదలనీయరైరి. బాపట్ల ప్రాంతమున స్టూవర్టుపురము ఇట్టివారికై ఏర్పడిన సెటిల్‌మెంటే. మద్రాసు ప్రభుత్వము 1947లోను, భారత ప్రభుత్వము 1952లోను ఆ చట్టమును రద్దు చేసినవి. చట్టము పోయినను మచ్చ పోవుటకు తరములు పట్టినది. దొంగతనము చేయని తండ్రికి పుట్టిన పిల్లవాడు బడిలో దొంగ యనిపించుకొన్న దుఃఖమును ఏ లెక్కల పట్టీలో వ్రాయగలము? జాతినిబట్టి అనుమానించు కన్ను, న్యూయార్కు వీథిలో నున్నను కృష్ణాతీరమున నున్నను, ఒక్కటే.

ఇది నీతికి మాత్రమే సంబంధించిన విషయము కాదు; నేరమును పట్టుకొనుటకును సంబంధించినదే. హంతకుడు దొరకుట కేమి కావలెను? చూచినవాడు వచ్చి చెప్పవలెను. ఊరకే పదిసార్లు గోడకు నిలబెట్టి సోదా చేయబడిన యువకుడు, పదునొకండవ దినమున తాను కన్నులార చూచిన హత్యను గూర్చి పోలీసువారితో చెప్పునా? ఉరికి వెరచి ఇంగ్లండు సాక్షులు నోరు మూసికొనిరి. అవమానమునకు వెరచి న్యూయార్కు సాక్షులు నోరు మూసికొనిరి. రెండు చోట్లను కఠినత్వము తన కాలికి తానే సంకెల వేసికొన్నది. ప్రజల విశ్వాసము పోలీసు ఠాణాకు ధాన్యపుగాదె వంటిది. అది నిండుటకు ఏండ్లు పట్టును. ఖాళీ యగుటకు ఒక్క వేసవి చాలును.

కెల్లింగు 2019లో చనిపోవుటకు ముందు పలుమార్లు, తన సిద్ధాంతమునకు జీరో టాలరెన్సు అను పేరు పెట్టవద్దని చెప్పుచు వచ్చెను. తాను చెప్పినది విచక్షణ. జనులు గ్రహించినది నిర్బంధము. 1994లో కమీషనరుగా నున్న బ్రాటనే 2014లో మరల ఆ పదవికి వచ్చి, సోదాలు తగ్గిన కాలమున 2016 వరకు నగరమును కాపాడెను. పెద్ద కర్ర లేనిదే నగరము నిలువదని వాదించువారు ఈ సంగతిని జ్ఞప్తియం దుంచుకొనవలెను.

పెద్దలారా! మన గ్రామములలో మునసబు, కరణము పదవులు 1984లో పోయినవి. అయినను తగవు వచ్చినపుడు ఊరు నేటికిని పెద్దల ముఖమే చూచును. ఊరి చివర పేకాటలు, సారా, పిల్లల పోకిరితనము హెచ్చినపుడు, పోలీసులను పిలిపించి నలుగురిని కొట్టించినగాని బుద్ధి రాదని కోపముతో ననుట సహజమే. ఆ కోపమున న్యాయము లేకపోలేదు. ఉపేక్ష మంచిది కాదని న్యూయార్కు చరిత్రయు చెప్పుచున్నది. కాని మొదట అడుగవలసిన ప్రశ్న వేరు. ఆ మూల వీథిదీపము వెలుగుచున్నదా? పాడుపడిన యింటికి తలుపు కలదా? ఆ పిల్లవాడు బడి మానినదెప్పుడు? సారా అమ్మువానికి అండ యెవ్వరు? ఈ ప్రశ్నలకు సమాధానము చెప్పి, చేయవలసిన పని చేసి, అప్పటికిని వినని యొకరిద్దరి విషయమున చట్టమును పిలుచుట క్రమము. పిలిచినపుడు కూడ చేసిన తప్పునకు తగిన శిక్ష, చేసినవానికే శిక్ష, తప్పక శిక్ష – ఈ మూడును చూచుకొనవలెను. శిక్ష చిన్నదైనను తప్పక వచ్చునని తెలిసినచో మనుష్యుడు వెరచును. పెద్దదైనను వచ్చునో రాదో యన్నచో తెగించును.

పగిలిన కిటికీని చూచి కూడ బాగుచేయకుండుట తప్పు. అద్దము పగిలినదని వీథిలోని పిల్లలనందరిని కట్టివేయుట అంతకంటె పెద్ద తప్పు. అద్దము వేయించుటకు డబ్బు కొలదిగా కావలెను. ఓర్పు ఎక్కువగా కావలెను. న్యూయార్కు నగరము ఇరువది యేండ్లు ఖర్చుపెట్టి నేర్చిన పాఠమిది. మన ఊళ్ళు అంత ఖర్చు లేకయే నేర్చుకొనవచ్చును.